అరవై చెత్త బండ్ల టెండరు: జరిగింది జరిగినట్టు

మాది చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు. తమ్ముడూ నేనూ కలిసి నడుపుతాం. వెల్డింగ్, కటింగ్, పనివాళ్లను చూసుకోవడం వాడి బాధ్యత. బిల్లులు, జీఎస్టీ, బ్యాంకు, ఆఫీసుల చుట్టూ తిరగడం నాది. పారిశుద్ధ్య కార్మికులు ఇంటింటికీ తోసుకెళ్లే చెత్త బండ్లు మా ప్రధానమైన సరుకు. చాలా ఏళ్లుగా గ్రామ పంచాయతీలకు ఇస్తున్నాం. గత ఏడాది మొదటిసారి ఒక చిన్న మున్సిపాలిటీ టెండరులో దిగాం. జూన్‌లో మొదలైన ఆ వ్యవహారం ఈ ఏప్రిల్ దాకా సాగింది. మాలాంటి చిన్న యూనిట్ల వాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను. ఊరి పేరు గానీ మనుషుల పేర్లు గానీ రాయడం లేదు.

జూన్ ఆఖరి వారంలో ఆ మున్సిపల్ ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. అరవై తోపుడు బండ్లు కొనాలనుకుంటున్నారట. తడి చెత్తకు ఆకుపచ్చ డబ్బాలు, పొడి చెత్తకు నీలం డబ్బాలు, మొత్తం బండికి నాలుగు. ఎస్టిమేట్ వేసుకోవడానికి ఒక కొటేషన్ పంపమన్నారు. జీఎస్టీ, రవాణా కలిపి బండికి 12,800 రూపాయలని పంపాను. ఆర్డరు వచ్చేసినట్టే తమ్ముడు సంబరపడ్డాడు. అది ఎస్టిమేట్ కోసం తీసుకునే కొటేషన్ మాత్రమేనని, దాన్ని బట్టి వాళ్లు అంచనా విలువ కట్టుకుంటారని, ఆ తర్వాత టెండరు వేరే ఉంటుందని నాకు తెలుసు. తెలియనిది ఇంకొకటి ఉంది. ఆ అంచనాను పెంచడం కోసం కూడా కొటేషన్లు పుట్టిస్తారు.

జూలై 14 సాయంత్రం అది తెలిసింది. మా లైన్లోనే ఉన్న ఒక సప్లయర్ ఫోను చేశాడు. పరిచయస్తుడే, రెండు మూడు చోట్ల కలిశాం.

"అక్కా, ఆ అరవై బండ్ల పని మేం చూసుకుంటున్నాం. మీది పన్నెండు వేల ఎనిమిది వందలని ఇచ్చారంట కదా, అది వెనక్కి తీసుకుని పదిహేను వేల పైన వేసి ఇంకోటి ఇవ్వండి. మీకు టైపు చేసే శ్రమ కూడా వద్దు. లెటర్‌హెడ్ మీద సంతకం పెట్టి, స్టాంపు వేసి ఖాళీగా ఇచ్చేయండి, మా కుర్రాడు వచ్చి తీసుకెళ్తాడు. ఈసారి మాకు సపోర్ట్ ఇవ్వండి, వచ్చేసారి మేం మీకు ఇస్తాం."

పక్కింట్లో చేబదులు అడిగినంత మామూలుగా అడిగాడు. నాకు ఒళ్లు చల్లబడింది. లోపల ఆఫీసులో ఇచ్చిన నా రేటు ఇతని దాకా ఎలా వెళ్లిందన్నది ఒక ప్రశ్న. రెండోది, ఒక ఊరి జనం పన్ను డబ్బుతో కొనే బండి ధరను ముగ్గురు అబద్ధం రాసి పెంచుతారన్నమాట. మూడు కొటేషన్లు తీసుకోమనేది పోల్చి చూసుకోవడానికి. ఆ మూడూ ఒకే మనిషి బ్యాగులోంచి వస్తే పోల్చడానికి ఇక ఏముంటుంది?

"నేను అనుకోని రేటు నా లెటర్‌హెడ్ మీద రాయలేను తమ్ముడూ" అన్నాను. "మీరు పంచాయతీల దగ్గరే ఉండిపోతారక్కా" అని పెట్టేశాడు. కోపంగా కూడా అనలేదు, జాలిపడుతున్నట్టు అన్నాడు. ఆ రాత్రంతా ఆ మాటే బుర్రలో తిరిగింది. ఈ లైన్లో మళ్లీ మళ్లీ వీళ్లే ఎదురవుతారు. రేపు మాకు డబ్బాలు అమ్మేవాడికి ఫోను చేసి వీళ్లకు అరువు ఇవ్వొద్దని చెప్పినా చెప్తారు. భయం లేదని రాస్తే అబద్ధమవుతుంది.

ఆగస్టు 6న ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్లో నోటీసు పడింది. షార్ట్ టెండరు, ఏడు రోజులే గడువు. బండికి అంచనా 14,200, మొత్తం 8,52,000 రూపాయలు. అంటే పదిహేను వేలకు దగ్గరగా ఉన్న కాగితాలు ఎవరో ఇచ్చారు, నా పన్నెండు వేల ఎనిమిది వందలతో కలిపి సగటు తీశారు. ఇది నా ఊహే అనుకున్నాను. తర్వాత ఫైలు చూసినప్పుడు ఊహ కాదని తేలింది.

ధర సంగతి అలా ఉంచితే, స్పెసిఫికేషన్ చదివేసరికి చేతులు ఆగిపోయాయి. హ్యాండిల్ పైపు 33.7 మిల్లీమీటర్లు. డబ్బా మందం 4.7 మిల్లీమీటర్లు, రోటో మౌల్డింగ్ పద్ధతిలో ఒకే ముక్కగా చేసింది. చక్రం 400 మిల్లీమీటర్లు. డబ్బా మూతకు ఎన్ని బందులుండాలో, ఫ్రేముకు ఏ రంగు ఉండాలో కూడా ఉంది. 33.7 పైపు అంటే బజార్లో దొరికే అంగుళం పైపే, దాంతో ఇబ్బంది లేదు. కానీ ఏ మున్సిపల్ ఇంజనీరూ తనంతట తాను కూర్చుని మూత బందులు లెక్కపెట్టి రాయడు. ఇంటర్నెట్లో వెతికితే పావుగంటలో ఒక కంపెనీ బ్రోచర్ దొరికింది. అవే కొలతలు, అదే వరసలో, ఆఖరికి రంగుతో సహా ఉన్నాయి. తీసేసింది కంపెనీ పేరొక్కటే. మేం వాడేది ఇంజెక్షన్ మౌల్డింగ్ అనే వేరే పద్ధతిలో చేసిన హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) డబ్బాలు. బరువు మోయడంలో తేడా లేదు, పగిలితే ఒక్కటి మార్చుకోవచ్చు. ఈ షరతు ప్రకారం మేం మొదటి గుమ్మం దగ్గరే ఆగిపోతాం.

అర్హతల్లో ఇంకో ముడి ఉంది. గత మూడేళ్లలో ఏదైనా పట్టణ స్థానిక సంస్థకు ఒకే ఆర్డరులో కనీసం యాభై బండ్లు ఇచ్చి ఉండాలట. మేం పంచాయతీలకు అంతకన్నా ఎక్కువే ఇచ్చాం, కానీ పంచాయతీ పట్టణ సంస్థ కాదు. అదే చెత్త, అదే బండి, తోసే మనిషి కూడా అలాంటి మనిషే. పల్లెలో తోస్తే మాత్రం అనుభవం లెక్కలోకి రాదు.

మర్నాడు వెళ్లి అక్కడి అసిస్టెంట్ ఇంజనీరును (ఏఈ) కలిశాను. కుర్రవాడు. నేను వెళ్లేసరికి ఒక చెవి దగ్గర ఫోను, ఎక్కడో తాగునీటి పైపు పగిలిందట. ఆ ఊరికి నీళ్లు, రోడ్లు, కాలువలు, వీధిదీపాలు అన్నింటికీ ఆయనొక్కరే. నేను బ్రోచర్ ప్రింటు, టెండరు కాగితం పక్కపక్కన పెట్టాను. ఆయన మొహం ఎర్రబడింది. "మేడం, నాకు బండ్ల గురించి ఏం తెలుసు? వాళ్లొచ్చి మోడల్ స్పెసిఫికేషన్ ఇచ్చారు, పెట్టేశాం" అన్నారు. కాసేపాగి, "మీరు నోటితో చెప్తే నేనేమీ చేయలేను. రాసివ్వండి. గడువులోపలే ఇవ్వండి. కాగితం ఉంటే నేను ఫైల్లో పెట్టగలను" అన్నారు.

ఆ మాట నాకు చాలా పనికొచ్చింది. ఆయన లంచం తిన్నాడని నేను అనుకోలేదు, ఇప్పటికీ అనుకోవడం లేదు. చిన్న ఊళ్లలో అన్యాయం చాలాసార్లు ఇలాగే లోపలికి వస్తుంది. మనిషికి తీరిక ఉండదు, అమ్మేవాడు తీరిగ్గా కాగితం తయారుచేసి తెచ్చిపెడతాడు, సంతకం పడుతుంది. కారణం ఏదైనా, బయట నిలబడ్డ వాడికి నష్టం మాత్రం అదే.

ఆగస్టు 8న ఉత్తరం ఇచ్చాను. ఒక్క పేజీ. డబ్బా ఏ పద్ధతిలో చేశారన్నది కాకుండా ఎంత బరువు మోయాలి, ఎన్ని లీటర్లు పట్టాలి అన్నది రాయాలని. పంచాయతీల సరఫరాను కూడా అనుభవంగా తీసుకోవాలని. అభ్యంతరాలకు జవాబిచ్చాక కనీసం వారం గడువు ఇవ్వాలని అడిగాను. జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ 2017లో 144వ నిబంధన ఉంది. కొనే వస్తువు వివరణ నిష్పక్షపాతంగా, పని ప్రధానంగా, కొలవగలిగేలా ఉండాలని, ఒక బ్రాండును సూచించేలా ఉండకూడదని చెప్తుంది. అవి కేంద్ర ప్రభుత్వ శాఖలకు పెట్టిన నిబంధనలు, మున్సిపాలిటీని నేరుగా కట్టిపడేయవు. ఆ సంగతి కూడా దాచకుండా రాసి, ఈ సూత్రం మీకూ వర్తించాలని కోరుతున్నాను అన్నాను. బ్రోచర్ జత చేశాను. ఎవరినీ ఒక్క మాట అనలేదు, ఎవరు ఫోను చేశారో రాయలేదు.

ఉత్తరాన్ని ఏఈ చేతికి ఇవ్వలేదు. తపాల్ సెక్షన్‌లో ఇచ్చి, నా దగ్గరున్న కాపీ మీద ఇన్‌వర్డ్ నంబరు, తేదీ, ముద్ర వేయించుకున్నాను. అక్కడి పెద్దాయన "ఇంతోటి దానికి ముద్రెందుకమ్మా" అన్నాడు గానీ వేశాడు. అదే రోజు ఆఫీసు మెయిల్‌కు కూడా పంపాను. తర్వాత జరిగిన ప్రతిదానికీ ఆ ముద్రే ఆధారమైంది.

ఆగస్టు 12 రాత్రి పోర్టల్లో కారిజెండమ్, అంటే సవరణ నోటీసు, వచ్చింది. గడువు 20కి పొడిగించారు. రోటో మౌల్డింగ్ పక్కన "లేదా తత్సమానం" అని చేర్చారు. పట్టణ స్థానిక సంస్థ అన్న చోట స్థానిక సంస్థ అని మార్చారు. అది చదువుతూ తమ్ముణ్ణి నిద్రలేపాను.

ఇక ఖర్చులు. ఈఎండీ, అంటే టెండరు వేసేవాళ్లు ముందుగా కట్టే ధరావతు, అంచనాలో రెండున్నర శాతం, 21,300 రూపాయలు. మాకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమల నమోదు) ఉంది, సూక్ష్మ, చిన్న యూనిట్లకు ఈఎండీ ఉండదని అందరూ చెప్పేవాళ్లు. అది 2012లో కేంద్రం తెచ్చిన కొనుగోలు విధానంలోది, కేంద్ర శాఖలకు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలకు వర్తిస్తుంది. ఈ టెండరు కాగితంలో ఆ మినహాయింపు లేదు. కట్టాల్సిందే. క్లాస్ 3 డిజిటల్ సంతకం రెండేళ్లకు రెండు వేల పైచిలుకు. బండి బరువు పరీక్ష చేయించి ల్యాబ్ సర్టిఫికెట్ తెచ్చుకోవడానికి 6,500. నోటరీ అఫిడవిట్లు, చార్టర్డ్ అకౌంటెంట్ టర్నోవర్ సర్టిఫికెట్ వేరే. ఆర్డరు రాకముందే ముప్పై వేలు దాటింది. మా షెడ్డుకు అది చిన్న మొత్తం కాదు.

అప్‌లోడ్ చేసే రోజు డిజిటల్ సంతకం ఉన్న టోకెన్‌ను కంప్యూటర్ గుర్తించలేదు. ఒక బ్రౌజర్లో పోర్టల్ తెరుచుకుంటుంది, సంతకం పడదు. ఇంకోదాంట్లో సంతకం పడుతుంది, ఫైలు సైజు ఎక్కువని తోసేస్తుంది. అయిదింటికి గడువైతే నాలుగూ ఇరవైకి ఎక్నాలెడ్జ్‌మెంట్ వచ్చింది. మొదటిసారి వేసేవాళ్లు ముందురోజే ఒక చిన్న ఫైలు పెట్టి సంతకం పడుతుందో లేదో చూసుకోండి. బండికి 12,350 కోట్ చేశాను.

ఆగస్టు 22న టెక్నికల్ బిడ్లు, అంటే ధర కాకుండా అర్హత కాగితాలు, తెరిచారు. మేం కాక ఇంకో ముగ్గురు. 29 సాయంత్రం మా పేరు పక్కన "నాట్ క్వాలిఫైడ్" అని కనిపించింది. కారణం లేదు. గంట తిరక్కుండానే మిగతావాళ్ల ప్రైస్ బిడ్లు తెరిచేశారు. ఎల్-1, అంటే వాటిలో అన్నింటికన్నా తక్కువ ధర, 13,950. నాకు ఫోను చేసిన సప్లయర్ సంస్థదే. అభ్యంతరం చెప్పడానికి మాకు ఒక్క రోజు కూడా ఇవ్వలేదు. నా రేటుకూ ఆ రేటుకూ బండికి 1,600 తేడా. అరవై బండ్లకు 96,000. ఆ డబ్బు వాళ్ల జేబులోదీ కాదు, నాదీ కాదు.

ఆఫీసుకు వెళ్తే సీనియర్ అసిస్టెంటు "మీ టెస్ట్ సర్టిఫికెట్ లేదమ్మా" అన్నారు. ఉందండీ, అప్‌లోడ్ చేశాను అంటే, "కమిటీ చూసింది, లేదన్నారు" అని ఫైలు మూసేశారు. సెప్టెంబరు 1న రాతపూర్వకంగా కారణం అడిగాను. జవాబు లేదు. 8న సమాచార హక్కు దరఖాస్తు పెట్టాను. పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించి ఇస్తే చాలు. కొంతమంది "టెండరు ఎందుకు అన్యాయంగా చేశారు" అని అడుగుతారు, దానికి జవాబు రాదు. కాగితాలు అడగాలి. నేను అడిగినవి ఇవి: ఎస్టిమేట్‌కు తీసుకున్న కొటేషన్లు, టెక్నికల్ పరిశీలన పట్టిక, నోట్ ఫైలు, నలుగురి టెక్నికల్ బిడ్లు, ఇంకా ఫైలును స్వయంగా తనిఖీ చేసే అవకాశం. తనిఖీ చట్టంలో ఉన్న హక్కే. వ్యాపార రహస్యమని 8వ సెక్షన్ చూపించి తిరస్కరిస్తారేమోనని, ప్రైస్ బిడ్లు తెరవడం కూడా అయిపోయింది కాబట్టి పోటీకి నష్టం లేదని ముందే రాశాను.

మామూలుగా ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ఇతరుల కాగితాలు ఉన్నాయని వాళ్లకు 11వ సెక్షన్ కింద నోటీసులు ఇచ్చారు. అప్పుడు గడువు నలభై రోజులు. ఆ రోజుల్లోనే మా ఇంట్లో అసలు పరీక్ష జరిగింది.

దసరాకు వారం ముందు షెడ్డుకు ఒకాయన వచ్చాడు. ఆఫీసు మనిషి కాదు, సప్లయర్ మనిషినని కూడా చెప్పుకోలేదు. తమ్ముడితో మాట్లాడాడు. అరవైలో ఇరవై బండ్లు మేమే చేసివ్వాలట, బండికి పదమూడు వేలు, సగం అడ్వాన్సు. దరఖాస్తు వెనక్కి తీసుకుంటే చాలు. అప్పుడు షెడ్డులో పని లేదు. పండక్కి పనివాళ్లకు బోనస్ ఇవ్వాలి. ఒక వెల్డర్ కూతురి కాలేజీ ఫీజుకు అడ్వాన్సు అడిగి ఉన్నాడు. తమ్ముడు రాత్రి అన్నం దగ్గర కూర్చుని, "మనం వేసిన రేటు కంటే ఎక్కువే ఇస్తామంటున్నారు కదక్కా. ఎవరికి నష్టం?" అన్నాడు.

నాకు వెంటనే మాట రాలేదు. వాడు దురాశపరుడు కాదు. జీతాలు ఇచ్చేది వాడు, పనివాళ్ల మొహాలు చూసేది వాడు. చివరికి, "ఆ ఇరవై బండ్ల మీద మనకొచ్చే ఎక్కువ ఎవరు కడుతున్నారు? ఆ ఊళ్లో ఇంటిపన్ను కట్టేవాళ్లు. రేపు మన ఊళ్లో కూడా ఇలాగే కొంటే మనం నోరెత్తగలమా?" అన్నాను. వాడు కంచం ముందు నుంచి లేచిపోయాడు. నాలుగు రోజులు సరిగా మాట్లాడలేదు. బోనస్ నా గాజులు పెట్టి ఇచ్చాను. ఆ గాజులు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి.

ఈ మధ్యలో ఎల్-1 రేటు ఆమోదం కౌన్సిల్ అజెండాలోకి వచ్చి వాయిదా పడింది. ఎందుకో నాకు ఎవరూ చెప్పలేదు.

అక్టోబరు 15న జవాబొచ్చింది, 22న ఫైలు చూడడానికి రమ్మన్నారు. మొదటి గంట తనిఖీకి రుసుము లేదు, కాపీలకు పేజీకి రెండు రూపాయలు. ఒక బల్ల మీద ఫైలు పెట్టి, పక్కన అటెండరును కూర్చోబెట్టారు. ముందుగా పరిశీలన పట్టిక చూశాను. మా వరసలో "టెస్ట్ సర్టిఫికెట్: లేదు" అని ఉంది. మా బిడ్ ప్రింటు తీసుకున్నారు, దాని 23వ పేజీలో సర్టిఫికెట్ ఉంది. ఆ పేజీ మీద ఎవరో పెన్సిల్‌తో టిక్కు కూడా పెట్టారు. ఆ టిక్కును చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. చూశారు, ఉందని గుర్తు పెట్టుకున్నారు, తర్వాత లేదని రాశారు.

తర్వాత మిగతావాళ్ల అఫిడవిట్లు. వంద రూపాయల స్టాంపు పేపర్ల మీద ఉన్నాయి. ఎల్-1 సంస్థ అఫిడవిట్, ఎల్-2 సంస్థ అఫిడవిట్ రెండూ ఒకే రోజు, ఒకే స్టాంపు వెండరు దగ్గర కొన్నవి. సీరియల్ నంబర్లు పక్కపక్కవి. ఒకదాని తర్వాత ఒకటి. వేర్వేరు ఊళ్లలో ఉన్నామని చెప్పుకునే ఇద్దరు పోటీదారులు ఒకే కౌంటర్లో ఒకరి వెనక ఒకరు నిలబడి కొన్నారా? కొటేషన్ల దగ్గర కూడా, నాది కాక ఉన్న రెండింటిలో టైపు ఒకటే, అక్షరదోషాలు ఒకటే. మొత్తం 48 పేజీలు కాపీ తీయించుకున్నాను, 96 రూపాయలు.

తెలిసిన అడ్వకేటును అడిగాను. బిడ్డర్లు కుమ్మక్కు కావడం 2002 కాంపిటీషన్ యాక్టు 3వ సెక్షన్ కిందికి వస్తుందన్నారు. ఆఫీసు నిర్ణయాన్ని సవాలు చేస్తూ హైకోర్టులో రిట్ కూడా వేయొచ్చు, కానీ 1994 టాటా సెల్యులార్ తీర్పు నుంచి కోర్టులు ఎవరికి ఇచ్చారన్నది కాదు, ఎలా ఇచ్చారన్నదే చూస్తాయి. మీ దగ్గర ఆ "ఎలా"కు ఆధారం ఉంది. అయితే ఎనిమిది లక్షల పనికి కోర్టు ఖర్చు గిట్టదు, ముందు ఆఫీసులోనే రాసుకోండి అని నిజాయితీగా చెప్పారు. సలహాకు డబ్బులు కూడా తీసుకోలేదు.

అక్టోబరు 27న కమిషనర్‌కు అర్జీ, మున్సిపల్ పరిపాలన ప్రాంతీయ డైరెక్టర్‌కు కాపీ. నాకు పని ఇవ్వమని అడగలేదు. పరిశీలన తిరిగి చేయండి, లేదా టెండరు రద్దు చేసి మళ్లీ పిలవండి అన్నాను. ఆరోపణలు రాయకుండా పేజీ నంబర్లు, స్టాంపు పేపర్ల నంబర్లు మాత్రం రాశాను. నవంబరు 18న కమిషనర్ పిలిచారు. మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టారు. గదిలోకి వెళ్లాక పది నిమిషాలు. ఆమె 23వ పేజీ తీసి, టిక్కు చూసి, సీనియర్ అసిస్టెంటు వైపు చూశారు. ఆయన మాట్లాడలేదు. "మీరు వెళ్లండమ్మా, నేను చూస్తాను" అన్నారు. బయటికొచ్చి బస్టాండులో కూర్చున్నాక కాళ్లు వణికాయి.

డిసెంబరు 3న పోర్టల్లో ఒక్క వాక్యం: పరిపాలనా కారణాల వల్ల టెండరు రద్దు. ఎవరి మీదైనా చర్య తీసుకున్నారా అని తర్వాత అడిగాను, "పరిశీలనలో ఉంది" అన్నారు. ఇప్పటికీ అదే మాట.

జనవరి 7న మళ్లీ పిలిచారు, ఈసారి పద్నాలుగు రోజుల గడువు. స్పెసిఫికేషన్ చదివి నాకు నిజంగా సంతోషం వేసింది. ఎన్ని లీటర్లు, ఎంత బరువు, నిండు బండి ఎంత మలుపులో తిరగాలి, డబ్బా పగిలితే విడిగా మార్చుకునే వీలు. టెక్నికల్‌గా అర్హులైనవాళ్లు ఒక శాంపిల్ బండి తేవాలని, దాన్ని పారిశుద్ధ్య సిబ్బంది తోసి చూస్తారని రాశారు.

జనవరి 24 ఉదయం ఆఫీసు ఆవరణలో మూడు బండ్లు నిలబెట్టారు. ఇసుక బస్తాలు నింపారు. అయిదుగురు కార్మికులు, అందులో ముగ్గురు ఆడవాళ్లు. గేటు దగ్గర ర్యాంపు ఎక్కించి, వెనక్కి తిప్పి తెమ్మన్నారు. ఏ బండి ఎవరిదో వాళ్లకు చెప్పలేదు. ఒకామె మా బండి తోసి వచ్చి, "ఇది తేలిగ్గా పోతందమ్మా, కానీ హ్యాండిలు నాకు పైకుంది, సాయంత్రానికి బుజాలు పట్టేస్తాయి" అంది. ఇంకో బండిని కొంచెం తోసి ఆపేసి, దిగేటప్పుడు ముందుకు వాలుతోందని చూపించింది. మూడోదాన్ని ర్యాంపు మీద ఒంటి చేత్తో ఆపి నిలబెట్టింది. ఏఈ పక్కనే నిలబడి రాసుకున్నారు. అన్నేళ్లుగా బండ్లు చేస్తున్నాం, ఎన్నో ఆఫీసులకు ఇచ్చాం. కొనేముందు తోసేవాళ్లను అడగడం నేను చూసింది అదే మొదటిసారి. తమ్ముడు ఆమె దగ్గరికి వెళ్లి హ్యాండిలు ఎంత దించితే బాగుంటుందో టేపు పెట్టి కొలిచి రాసుకున్నాడు.

మూడు బండ్లనూ చిన్న చిన్న మార్పులతో అంగీకరించారు. ఈసారి అర్హుల జాబితా కారణాలతో సహా పోర్టల్లో పెట్టారు, అభ్యంతరాలకు మూడు రోజులు ఇచ్చారు. 28న ప్రైస్ బిడ్లు. మాది 12,200. మూడో బండి తెచ్చినవాళ్లది 11,980. వాళ్లూ మాలాంటి చిన్న యూనిట్టే, పక్క జిల్లా వాళ్లు. 220 రూపాయల తేడాతో పని పోయింది.

ఆ సాయంత్రం నాకు ఏడుపొచ్చింది. అన్యాయం జరిగిందని కాదు, అలసట. తమ్ముడు మాత్రం, "ఇంత పోరాడి ఎవరికో పెట్టావు. ఆ ఇరవై బండ్లయినా మిగిలేవి" అన్నాడు. ఆ మాట వాడు వెనక్కి తీసుకోలేదు, నేనూ తీసుకోమనలేదు. గెలిచినవాళ్ల ఫ్రేము నేను చూశాను, బలంగా ఉంది, వెల్డింగు శుభ్రంగా ఉంది. మొదటి టెండరు ఎల్-1తో పోలిస్తే మున్సిపాలిటీకి బండికి 1,970, మొత్తం 1,18,200 రూపాయలు మిగిలాయి. ఆ లెక్క వాడికి చెప్పాను. "ఆ డబ్బుతో మన కరెంటు బిల్లు కడతారా?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఫోను చేసిన సప్లయర్ ఇప్పుడు ఎదురుపడినా పలకరించడు. మా డబ్బాల డీలరు అరువు గడువు నెల నుంచి పదిహేను రోజులకు తగ్గించాడు. ఎవరు చెప్పారో అడగలేదు.

ఓడిపోయినవాళ్ల ఈఎండీ అగ్రిమెంటు కాగానే తిరిగి రావాలి. రెండో టెండరుది ఏప్రిల్ 9న అకౌంట్లో పడింది, అది కూడా రెండుసార్లు రాసి అడిగాక. రద్దయిన మొదటి టెండరు 21,300 ఇంకా రాలేదు. పోర్టల్లో దాన్ని ఎవరూ క్లోజ్ చేయలేదట, చేస్తే గానీ డబ్బు కదలదట. దానికోసం మొన్న సోమవారం ఇంకో అర్జీ ఇచ్చి, కాపీ మీద ముద్ర వేయించుకుని వచ్చాను.